ఇల్లు ఉరుస్తోందా? స్లాబు లీకేజీ, గోడల చెమ్మ, మరమ్మతు డబ్బుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాకినాడ. మామయ్యగారు 1998లో కట్టించిన డాబా ఇల్లు. ఐదేళ్ళపాటు వానలు మొదలయ్యాయంటే చాలు, అత్తయ్య గదిలో మంచం ఈ మూల నుంచి ఆ మూలకు జరపడం, కింద బకెట్ పెట్టడం మాకు మామూలైపోయింది. రెండుసార్లు డబ్బు పోసి చేయించిన పని వృథా అయింది. మూడోసారి అసలు సంగతి తెలుసుకుని చేయించాం, ఇప్పుడు చుక్క కారడం లేదు. అప్పటి నుంచి చుట్టాలు, వీధిలోవాళ్ళు, విదేశాల్లో ఉండి ఇక్కడ అమ్మానాన్నల ఇల్లు చూసుకునే స్నేహితులు ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్నలన్నీ ఇక్కడ పెడుతున్నాను. నేను ఇంజనీరుని కాదు. చేయించుకున్నదాన్ని, చదివి, అడిగి తెలుసుకున్నదాన్ని.

స్లాబు కారుతోంది. ముందు ఎవరిని పిలవాలి?

ఎవరినీ పిలవకండి, ముందు ఒక పెన్సిల్ తీసుకోండి. సీలింగ్ మీద తడి ఎంతవరకు ఉందో దాని అంచు చుట్టూ గీత గీసి పక్కన తేదీ, టైము రాయండి. వాన ఎప్పుడు మొదలైంది, ఎంతసేపటికి తడి కనపడింది, వాన వెలిశాక ఎన్ని గంటలు కారింది, ఇవన్నీ రాసి పెట్టుకోండి. రేపు మేస్త్రీ వచ్చేసరికి ఎండ కాస్తూ ఉంటుంది, గోడ ఆరిపోయి ఉంటుంది, అప్పుడు ఈ గీతలే సాక్ష్యం. నీళ్ళు ఫ్యాన్ కొక్కెం దగ్గరో లైటు దగ్గరో కారుతుంటే మాత్రం అన్నిటికంటే ముందు ఆ గది కరెంటు ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) దించేయండి.

తరవాత చీపురు తీసుకుని మేడ మీదికి వెళ్ళండి. ఆకులు, మట్టి, పూలకుండీల చెత్త తీసేసి, వాననీళ్ళు దిగే గొట్టం తెరిచి ఉందో లేదో చూడండి. 900 చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే అది 830 లీటర్ల పైమాటే, అంటే ఇంటి పైన ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకుకి కాస్త తక్కువ. తుఫాను రోజున పది సెంటీమీటర్లు పడిందంటే అలాంటి ట్యాంకులు ఎనిమిది. ఇవన్నీ దిగాల్సింది ఒకటో రెండో గొట్టాల్లోంచే, దానికి బాదం ఆకు అడ్డం పడితే నీళ్ళు స్లాబు మీదే నిలబడి ఎక్కడ సందు దొరికితే అక్కడికి దిగుతాయి. నాకు తెలిసిన మూడు ఇళ్ళలో గొట్టం శుభ్రం చేయడంతోనే కారడం ఆగిపోయింది.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎలా కనిపెట్టాలి?

అసలు పని ఇదే. ఇది తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. మేము చేసిన తప్పు అదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నీళ్ళు దిగేచోటు వేరు, కారేచోటు వేరు. స్లాబులో పగులులోంచి దిగిన నీరు లోపలి ఊచల వెంట, కరెంటు పైపుల వెంట ఐదారడుగులు పాకి మరోచోట బయటపడుతుంది. మా అత్తయ్య మంచానికి సరిగ్గా పైన కారేది కాబట్టి మొదటిసారి వచ్చినవాళ్ళు దానికి నేరుగా పైన స్లాబు మీద కోటింగ్ వేసి వెళ్ళారు. ఒక వానాకాలం ఆగింది, మళ్ళీ మొదలు. రెండోసారి వేరేవాళ్ళు స్లాబు మొత్తం పూశారు. అయినా కారింది.

మూడోసారి వచ్చిన మేస్త్రీగారికి అరవై దాటి ఉంటాయి. వస్తూనే డబ్బా తెరవలేదు, చిన్న సుత్తి తీసుకుని డాబా అంతా టకటకా కొట్టుకుంటూ వంగి వింటూ తిరిగారు. గచ్చు పట్టుకుని ఉన్నచోట గట్టిగా మోగుతుంది, లేచిపోయినచోట డొల్లగా మోగుతుంది. తరవాత ఇసుక, సిమెంటు కలిపి డాబాని నాలుగు మడులుగా చేసి, రోజుకో మడిలో రెండంగుళాల నీళ్ళు నిలబెట్టారు. మూడు మడులకూ కింద ఏమీ లేదు. నాలుగోది, ట్యాంకు దిమ్మ ఉన్న మూల. సాయంత్రం పోసిన నీళ్ళకి తెల్లారేసరికి నా పెన్సిల్ గీత లోపల తడి వచ్చేసింది. "చూడండమ్మా, స్లాబు బానే ఉంది, ఈ పిట్టగోడ మొదలు విడిపోయింది" అని వేలు పెట్టి చూపించారు. ట్యాంకు నిండి పొర్లిన నీళ్ళు రోజూ సరిగ్గా ఆ మూలే పడుతున్నాయి. పిట్టగోడకీ స్లాబుకీ మధ్య పలచని చీలిక, నా గోరు కూడా పూర్తిగా దూరనంత. ఐదేళ్ళ బాధ అదీ.

ఒక జాగ్రత్త: రెండంగుళాల నీళ్ళు డాబా అంతా నిలబెడితే నాలుగు టన్నుల పైగా బరువు. మంచి కాంక్రీటు స్లాబు మోస్తుంది. పెచ్చులూడి ఊచలు కనపడుతున్న స్లాబు మీదా, పాత కర్ర దూలాల కప్పు మీదా ఈ పరీక్ష చేయొద్దు.

మిగతావి గుర్తుపట్టడం కొంచెం తేలిక. వాన పడినప్పుడే తడి వస్తే కప్పో, బయటి గోడో, కిటికీ సజ్జ పైభాగమో చూడాలి. ఏడాది పొడుగునా ఉంటే బాత్రూమో, గోడలోని పైపో. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి పొద్దున్నే చూడండి, తగ్గిందంటే పైపు కారుతున్నట్టే. గోడ కిందినుంచి రెండుమూడు అడుగులే చెమ్మగా ఉండి తెల్లగా ఉప్పు పొంగుతుంటే అది నేలలోంచి పైకి పాకే తేమ. అనుమానంగా ఉంటే చెమ్మ ఉన్నచోట అడుగు చదరం ప్లాస్టిక్ కవరు నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలివైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు ఉంటే తేమ గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే గదిలో గాలి ఆడడం లేదని అర్థం, దానికి కిటికీ తెరిస్తే చాలు, కెమికల్ అక్కర్లేదు.

పెచ్చులూడి ఇనుప ఊచలు కనపడుతున్నాయి. వాటర్ ప్రూఫింగ్ చేయిస్తే సరిపోతుందా?

సరిపోదు, ఇది వేరే జబ్బు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని బద్దలు కొట్టి బయటికి నెడుతుంది. దాని మీద మళ్ళీ ప్లాస్టింగ్ చేసి సున్నం వేస్తే లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, ఒకరోజు ఆ పెచ్చు మొత్తం మీద పడుతుంది. ముందు ఆ గదిలో పడుకోవడం మానేయండి. తరవాత స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి, మేస్త్రీని కాదు.

మా కోస్తావాళ్ళు ఇది మరీ పట్టించుకోవాలి. కాంక్రీటు డిజైనుకి వాడే ఐఎస్ 456 ప్రకారం మామూలు వాతావరణంలో ఊచ మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి, సముద్రపు ఉప్పుగాలి తగిలేచోట 45 మిల్లీమీటర్లు. పాత ఇళ్ళలో చాలా చోట్ల అంత ఉండదు, పైగా ఉప్పు బోరు నీళ్ళతోనే కాంక్రీటు కలిపేసిన ఇళ్ళు ఎన్నో. సరైన మరమ్మతు అంటే డొల్లగా ఉన్న కాంక్రీటు మొత్తం కొట్టేసి, ఊచ చుట్టూ తుప్పు గీకి, తుప్పు పట్టకుండా పూత వేసి, బాగా సన్నబడిన ఊచకి కొత్తది జతచేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపడం. ఖర్చు ఎక్కువే. డబ్బు తక్కువ ఉంటే రంగులూ టైల్సూ అన్నీ ఆపి దీనికి పెట్టండి.

ఏ కెమికల్ మంచిది?

అందరూ మొదట అడిగే ప్రశ్న ఇదే, నా లెక్కలో మాత్రం ఇది నాలుగో ప్రశ్న. చోటుని బట్టి మందు.

ఎవరూ ఎక్కువగా తిరగని డాబాకి బ్రష్‌తో వేసే యాక్రిలిక్ కోటింగ్ చవక, మూడు నాలుగేళ్ళకోసారి మళ్ళీ వేసుకోవాలి. బట్టలారేస్తూ వడియాలు పెడుతూ రోజూ తిరిగే డాబాకి అది అరిగిపోతుంది. పాలియురెతేన్ పూత రబ్బరులా సాగుతుంది, సన్న పగుళ్ళు తెరుచుకుని మూసుకున్నా తట్టుకుంటుంది, ఖరీదు ఎక్కువ. బాత్రూమ్‌కీ, నీళ్ళ ట్యాంకుకీ పొడి, ద్రవం రెండూ కలిపి వేసే సిమెంటు పూత సరైనది, దానిమీద టైల్స్ అంటుకుంటాయి. మంట పెట్టి అంటించే తారు షీటు బాగా పనిచేస్తుంది కానీ ఎండకి వదిలేయకూడదు, పైన గచ్చో టైల్సో వేయాలి, అతుకుల దగ్గర పనివాడి చేయి బాగుండాలి. ఇక సిమెంటులో కలిపే లిక్విడ్, 50 కిలోల బస్తాకి 200 మిల్లీలీటర్ల లెక్కన కలుపుతారే, అది కొత్తగా ప్లాస్టింగ్ చేసేటప్పుడు సాయం చేస్తుంది. ఉన్న పగులుని అది మూయదు.

ఏది వేసినా మూడు పనులు ముందు జరగాలి. డాబాకి వాలు ఉండాలి, పదడుగులకి అంగుళం పైచిలుకు. పిట్టగోడ మొదలు చుట్టూరా మూల లేకుండా సిమెంటుతో గుండ్రంగా తీర్చి, పూతని గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు దాకా తీసుకెళ్ళాలి. గొట్టం మూతి చుట్టూ, పైపులు స్లాబులోంచి దూరేచోట ఫైబర్ మెష్ వేసి పూయాలి. లీకులు ఎక్కువగా దిగేది విశాలమైన స్లాబులోంచి కాదు, ఈ అతుకుల దగ్గరే.

తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేస్తే లీకేజీ కూడా ఆగుతుందా?

అది వేడి తగ్గించడానికి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక దీని గురించి అడిగేవాళ్ళు పెరిగారు. మంచిదే, వేయించుకోండి. రెండు పనులూ చేసే పూతలు కూడా దొరుకుతాయి, కానీ డబ్బా మీద వాటర్ ప్రూఫ్ అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూసి కొనండి.

మాది పాతకాలపు ఇల్లు. ఇవన్నీ పనికొస్తాయా?

జాగ్రత్త. పెంకుటింటికి వానలకు ముందు పెంకు సర్దించడం, పగిలినవి మార్చడం, చెద పట్టిన వాసాలు చూసుకోవడం, అంతే, ఇంకేమీ అక్కర్లేదు. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు, మీ ఊళ్ళో ఒకాయన ఉంటే ఏప్రిల్లోనే మాట్లాడి పెట్టుకోండి. రాయలసీమ మట్టిమిద్దెలకి చౌడు మన్ను పరిచి సరిచేసే పద్ధతి ఉంది. ఆ కప్పు మీద కాంక్రీటు పోయించాలని చాలామంది అనుకుంటారు, దూలాలు ఆ బరువు మోయలేవు. అలాగే టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్. సున్నం ఊపిరి తీసుకునే పదార్థం, తేమ పీల్చి ఎండకి వదిలేస్తుంది. దానిమీద గాలి ఆడని ప్లాస్టిక్ లాంటి పూత వేస్తే లోపల చిక్కిన తేమకి దూలాల చివర్లు కుళ్ళుతాయి. సున్నంతోనే మరమ్మతు చేసేవాళ్ళని వెతకండి, కష్టమే, కానీ ఆ ఇళ్ళు దానికి తగినవి.

గోడ కింది భాగంలో ఉప్పు పొంగుతోంది. ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా ఊడిపోతోంది.

ఊడిపోతుంది, పుట్టీ తప్పు కాదు. ముందు బయట చూడండి. రోడ్డు పెంచి పెంచి మీ ఇల్లు పల్లమైపోయిందా, గోడనానుకుని పూలమొక్కలకి నీళ్ళు పోస్తున్నారా, మురుగు కాలువ గోడకి తగిలి పోతోందా. వాటిని సరిచేసి, పాడైన ప్లాస్టింగ్‌ని చెమ్మ గీతకి అడుగు పై వరకు కొట్టేసి, గోడని ఒక నెల ఎండనివ్వండి. తరవాత కొత్త ప్లాస్టింగ్. పునాది మీద తేమని ఆపే పొర అసలే లేని ఇంట్లో గోడ మొదట్లో రంధ్రాలు వేసి మందు ఎక్కిస్తారు, మందం గోడలకి ఒక్కోసారి పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

పై ఫ్లాటు బాత్రూమ్ నీళ్ళు మా సీలింగ్‌లోకి దిగుతున్నాయి. వాళ్ళు ఒప్పుకోవడం లేదు.

దీనికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే లీకేజీ ఇంకోటి లేదు, ఎందుకంటే నీళ్ళతోపాటు మనుషుల మధ్య మాటలు కూడా పోతాయి. గొడవకి దిగకముందు రుజువు చూపించండి. వాళ్ళ ఒప్పుకోలుతో, నానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే రంధ్రం) మూసి బాత్రూమ్‌లో రంగు కలిపిన నీళ్ళు ఒక రోజు నిలబెట్టండి. కింద రంగు కనపడితే మాటలక్కర్లేదు. కనపడకపోతే వాళ్ళ టైల్స్ తప్పు కాదు, గోడ పైపు చూడాలి.

అన్నిసార్లూ టైల్స్ పీకక్కర్లేదు. సందుల్లో పాత సిమెంటు గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపితే కొన్ని ఆగిపోతాయి, ముందు అది ప్రయత్నించండి. సన్‌కెన్ స్లాబులో, అంటే పైపుల కోసం బాత్రూమ్ కింద పల్లంగా వేసిన స్లాబులో, నీళ్ళు నిండిపోయి ఉంటే మాత్రం తవ్వక తప్పదు. ఖర్చు న్యాయంగా ఆ బాత్రూమ్ యజమానిదే. అందరికీ చెందిన నిలువు గొట్టం కారుతుంటే అసోసియేషన్‌ది.

పై అంతస్తువాళ్ళ స్లాబు కారితే అందరూ ఎందుకు కట్టాలి?

ఆ కప్పు అందరిదీ కాబట్టి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల చట్టంలో కప్పు ఉమ్మడి ఆస్తి. కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దగ్గర దాచిన ఉమ్మడి నిధి) ఉంటే అందులోంచి, లేకపోతే తలా ఇంత. ఐదో అంతస్తు స్లాబులో తుప్పు పడితే పాడయ్యేది మొత్తం బిల్డింగే.

కొత్త ఫ్లాటే, రెండేళ్ళు కాలేదు, అప్పుడే కారుతోంది.

మీ డబ్బు పెట్టకండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు చేతికిచ్చిన నాటి నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడితే, మీరు చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ ఉచితంగా బాగుచేయాలి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు, ఫోటోలతో ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు. స్పందించకపోతే మీ రాష్ట్ర రెరాకి ఫిర్యాదు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్. ఫిర్యాదు నడుస్తుండగా మీరే పగలగొట్టి బాగుచేయిస్తే సాక్ష్యం పోతుంది, ఆగలేని పరిస్థితి అయితే ముందు ఇంజనీరు చేత రిపోర్టు రాయించుకోండి.

అద్దె ఇల్లు కారుతోంది, ఓనర్ పట్టించుకోవడం లేదు.

ఓనర్ చేయాల్సిన మరమ్మతు రాతపూర్వకంగా చెప్పినా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. కానీ అగ్రిమెంటులో వేరేలా రాసి ఉంటే అదే చెల్లుతుంది. కాబట్టి ముందు అగ్రిమెంటు చదవండి. ఆ తరవాత వాట్సాప్‌లోనైనా సరే రాసి పంపండి, బిల్లులు దాచండి.

ఏ నెలల్లో చేయించాలి?

ఫిబ్రవరి నుంచి మే మొదటి వారం. స్లాబు లోపలిదాకా ఎండి ఉండాలి. తడి మీద పూత వేస్తే బుడగలొచ్చి లేస్తుంది. మే ఎండల్లో అయితే పొద్దున్నే, సాయంత్రమే వేయించండి, కొత్త సిమెంటు పనికి నీళ్ళు కట్టడం ఒక్కరోజు కూడా మానొద్దు. కోస్తాలో జూన్ వానలు అయిపోయాయని ఊపిరి పీల్చుకోవడానికి లేదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు ఉంటాయి. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న, 2023లో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. నడివానల్లో చిక్కుకుంటే టార్పాలిన్ కప్పి, ఇసుక బస్తాలు పెట్టి గట్టెక్కండి. వానల మధ్య వచ్చి రెండు రోజుల్లో చేసేస్తామనేవాళ్ళకి పని ఇవ్వకండి.

ఎంత అవుతుంది? మోసపోకుండా ఎలా?

ఊరుని బట్టి, పాడైనదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మా లెక్కే చెబుతాను. 900 చదరపు అడుగులకి ముగ్గురిని అడిగితే అడుగుకి 28, 45, 90 రూపాయలన్నారు. ముగ్గురూ చెబుతున్నది మూడు వేర్వేరు పనులని తరవాత తెలిసింది. ఒకరు ఉన్నదానిమీద రెండు పూతలు వేస్తారు, ఇంకొకరు పగుళ్ళు కోసి నింపి మెష్ వేస్తారు, మూడో ఆయన పాత గచ్చు మొత్తం లేపుతారు. చివరికి మాకు కావలసింది ఆ పిట్టగోడ మూల, ట్యాంకు గొట్టం మార్చడం, చుట్టూ మొదలు తీర్చడం, గొట్టాల మూతులు. మొదటి రెండుసార్లు పోసినదానిలో సగం కూడా కాలేదు.

కాగితం మీద రాయించుకోండి: ఏ చోట, ఏ సరుకు, ఎన్ని పూతలు, పాతది లేపుతారా, చెత్త ఎవరు ఎత్తుతారు, జీఎస్టీ కలిపా వేరా. సరుకు సీలు డబ్బాలు మీ ముందే తెరవాలి, ఎన్ని డబ్బాలు పట్టాయో లెక్క పెట్టండి. డబ్బు మూడు విడతలుగా: సరుకు దిగినప్పుడు కొంత, పూత అయ్యాక కొంత, మిగతా పావు వంతు నీళ్ళు నిలబెట్టి రెండు రోజులు చూశాకే. పదేళ్ళ గ్యారంటీ అన్నప్పుడు అది సరుకు మీదా, పని మీదా, ఎవరి సంతకంతో ఇస్తున్నారో అడగండి.

అంత డబ్బు లేదు. ఎక్కడి నుంచి తేవాలి?

ముందు పనిని ముక్కలు చేయండి. ప్రాణానికి ముప్పు ఉన్నది (ఊచలు, కరెంటు) ఇప్పుడే. నీళ్ళు దిగే చోటు ఈ వేసవిలో. పుట్టీ, రంగులు వచ్చే ఏడు. ఇలా విడదీస్తే లక్షన్నర అనుకున్నది చాలాసార్లు నలభై వేలకి దిగుతుంది, అది చేబదులుతోనో చీటీతోనో అయ్యే పని.

అప్పు తప్పదంటే వడ్డీ లెక్క ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. లక్ష రూపాయలు బ్యాంకులో 11 శాతానికి రెండేళ్ళకి తీసుకుంటే నెలకి దాదాపు 4,660 కడతారు, రెండేళ్ళలో మొత్తం వడ్డీ 12 వేల లోపు, అప్పు తీరిపోతుంది. అదే లక్ష నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 2,000 కట్టడం తేలికగానే అనిపిస్తుంది, రెండేళ్ళకి 48,000 వడ్డీ కడతారు, లక్ష అలాగే ఉంటుంది. మా వీధిలో ఒకావిడ సరిగ్గా ఇలాగే ఇరుక్కుంది, స్లాబు బాగైంది, అప్పు ఇంకా కారుతూనే ఉంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంచితే నెలకి 3.5 శాతం, కొన్నిటికి ఇంకా ఎక్కువ, అంటే ఏడాదికి 42 పైమాటే, అది ఇంకా ఘోరం.

నా వరస ఇది. ఇప్పటికే హోమ్ లోన్ నడుస్తుంటే దానిమీద టాపప్ (అదనపు అప్పు) అడగండి, సాధారణంగా అదే తక్కువ వడ్డీ. తరవాత బ్యాంకులో బంగారం తాకట్టు. రిజర్వ్ బ్యాంకు 2025 ఆదేశాల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు, కానీ ఇస్తామన్నంతా తీసుకోకండి, పనికి ఎంత కావాలో అంతే. డ్వాక్రా సంఘంలో ఉంటే సంఘం అప్పు, స్త్రీనిధి అడగండి. చీటీ అయితే రిజిస్టరైనదే, పాట తొందరపడి పాడితే తరుగు ఎక్కువ పోతుంది, కాబట్టి వేసవి పనికి ముందు ఏడాదే చీటీలో చేరడం మేలు.

పీఎఫ్ తీసుకోవచ్చా?

ఇంటి మరమ్మతుకి అడ్వాన్సు ఉంది, తిరిగి కట్టక్కర్లేదు. పాత నిబంధనలో ఇల్లు పూర్తయి ఐదేళ్ళు దాటాలి, 12 నెలల బేసిక్, డీఏ వరకు. 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు ఈ విత్‌డ్రా నిబంధనలు 13 నుంచి మూడు రకాలుగా కుదించాలని, 12 నెలల సర్వీసు చాలని, ఖాతాలో 25 శాతం ఉంచాలని నిర్ణయించింది. అప్లై చేసేముందు పోర్టల్‌లో మీ ఖాతాకి ఎంత చూపిస్తోందో చూడండి. నా మట్టుకు నేను పీఎఫ్‌ని ఊచలు బయటపడిన స్లాబుకే ముట్టుకుంటాను, రంగులకి కాదు.

పన్నులో ఏమైనా తగ్గుతుందా?

పాత పన్ను విధానంలో ఉంటే, మీరుంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీ ఏడాదికి గరిష్ఠంగా 30,000 చూపించవచ్చు, అదీ హోమ్ లోన్ వడ్డీకి ఉన్న రెండు లక్షల పరిమితిలోపలే. తిరిగి కట్టే అసలు మీద మినహాయింపు రాదు. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి ఏమీ రాదు.

ఇన్సూరెన్స్ ఇస్తుందా? వరద సాయం?

మెల్లగా ఏళ్ళ తరబడి కారినదానికి ఇవ్వరు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద, ట్యాంకో పైపో పగిలి నీళ్ళు పొర్లడం కవర్ అవుతాయి. క్లెయిమ్ అంటే వెంటనే ఫోటోలు తీయాలి, సర్వేయర్ వచ్చేవరకు పాడైన సామాను పారేయకూడదు.

ప్రభుత్వ సాయం విపత్తు వచ్చినప్పుడే. కేంద్రం 2022-26 నిబంధనల్లో కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు. రాష్ట్రాలు పెంచి ఇవ్వొచ్చు. 2024 సెప్టెంబరు విజయవాడ వరదల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముంపు ప్రాంతంలో కింది అంతస్తు ఇళ్ళకి 25,000, పై అంతస్తులకి 10,000 ఇచ్చింది. నష్టం రాసుకోవడానికి వచ్చే రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి.

మేము అమెరికాలో ఉంటాం. అమ్మానాన్నల ఇల్లు కారుతోంది.

వాళ్ళని మేడ ఎక్కనివ్వకండి, తడి డాబా మీద పెద్దవాళ్ళు జారిపడితే లీకేజీ చిన్న విషయమైపోతుంది. చుట్టాల్లో ఒకరిని పెట్టి వీడియో కాల్‌లో నీళ్ళ పరీక్ష మీరే చూడండి. మొత్తం డబ్బు ఒకేసారి పంపొద్దు, పైన చెప్పిన మూడు విడతలే.

లీకు ఆగింది. రంగులు ఎప్పుడు వేయించాలి?

వెంటనే వద్దు. స్లాబులో దాగిన తేమ బయటికి రావడానికి వారాలు పడుతుంది. ప్లాస్టిక్ కవరు పరీక్ష మళ్ళీ చేయండి, రెండు రోజులు పొడిగా ఉంటేనే పుట్టీ. మేము ఒక వానాకాలం మొత్తం ఆగాం. అక్టోబరులో వాయుగుండం వచ్చిన మూడు రోజులూ అత్తయ్య పొద్దున లేవగానే సీలింగ్ వైపే చూసేవారు, పెన్సిల్ గీత అలాగే ఉంది, దానిలోపల పొడిగా ఉంది. సంక్రాంతికి రంగు వేయించాం, మంచం మళ్ళీ కిటికీ పక్కకి జరిపాం.